పసుపు రాసిన వసకొమ్ము

పోయిన వారం కన్యకాంబ చేతిలో తడిగుడ్డ పెట్టి, అంగడి మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ మనసు ఇంకా అక్కడే ఉంది. కందిపప్పు ధర ఒక్కసారిగా పైకెగిరి తిరువళ్ళూరు బజారంతా కొత్త రేటు పలికితే, ఆవిడ ఒక్కతే తన అంగడి ముందరి నల్లబల్ల మీద "పాత సరుకు ఉన్నంతవరకూ పాత రేటే" అని సుద్దతో రాసి పెట్టింది. ఆ రాత చూసి, ఫోన్లో ఆర్డరు పెట్టి గుమ్మంలోకి తెప్పించుకోవడం మరిగిన వీధి వీధంతా మళ్ళీ సంచులు పట్టుకుని వచ్చింది. ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. తిరుత్తణి గోడౌనులో వాననీళ్ళు దిగి పప్పు మూటలన్నీ పాడైపోయాయని తమ్ముడు మురళీధర్ ఫోను చేశాడు. కన్యకాంబ బల్ల మీది రాతను తన చేత్తోనే తుడిచేసింది. గుడ్డ తడిపి అందించింది మొగుడు మోహన్‌కుమార్.

అంత సరుకు పాడైతే వెళ్ళి కళ్ళారా చూసుకోవద్దా అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. కాని ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. తక్కెడ దగ్గర కూర్చునే మనిషి పాడైపోయిన గింజను కంటితో చూడకూడదు. చూస్తే మళ్ళీ తూకం వేసేటప్పుడు చెయ్యి వణుకుతుందని ఆవిడ తండ్రి కుప్పయ్య చెప్పేవాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ పురుగు పట్టిన మూట వైపు తల తిప్పేవాడు కాదు. ఎవరో ఒకరు తీసుకెళ్ళి గొడ్లకు పోసి వచ్చేవాళ్ళు. తమ్ముడు కూడా ఆ మాటే గుర్తు చేశాడు. "కిటికీలోంచి చూసినాక్కా, నువ్వు చూడలేవు. కృత్తిక పండక్కి కొండకొచ్చే జనం పోయినాక తలుపు తీసి పారబోసేద్దాం" అన్నాడు. కన్యకాంబ సరేనని తలస్నానం చేసి దీపం పెట్టుకుంది. తండ్రి మాట మీద గౌరవం, తమ్ముడి మాట మీద నమ్మకం. ఆ రెండూ ఉన్న మనిషిని మోసం చెయ్యడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

తలుపు తీద్దాం అంటే ఇద్దరూ కావాలి. ఆ గోడౌనుకు రెండు తాళాలు. కుప్పయ్య పోయేముందు చేసిన ఏర్పాటు అది. ఒక తాళంచెవి తిరుత్తణిలో కొడుకు దగ్గర, రెండోది తిరువళ్ళూరులో కూతురి దగ్గర. ఇద్దరూ వచ్చి నిలబడితేనే తలుపు తెరుచుకుంటుంది. అనుమానం కొద్దీ పెట్టింది కాదు, ఆ వంకనైనా అక్కాతమ్ముళ్ళు అప్పుడప్పుడూ ఒకచోట నిలబడతారని ఆయన ఆశ.

కన్యకాంబ తన తాళంచెవిని దేవుడి గూట్లో, పెరుమాళ్ళ పటం పక్కన తగిలించింది. రోజూ స్నానం కాగానే దానికి పసుపూ కుంకుమా పెడుతుంది. ఈవేళ కూడా పెట్టబోతే కుంకుమ నిలవలేదు. పొడిపొడిగా రాలిపోయింది. కొన్నాళ్ళుగా ఇదే వరస. కుంకుమలో కూడా కల్తీ కలుపుతున్నారు పాడు మనుషులు అని తిట్టుకుని, ఇంకో కొత్త డబ్బా తెమ్మని మొగుడికి చెప్పింది. పిల్లలు పెళ్ళిళ్ళై ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళాక ఇంట్లో మిగిలింది మొగుడూ పెళ్ళామూ ఇద్దరే. ఏ పని చెప్పినా ఆయనకే.

మర్నాడు అమావాస్య. పెరుమాళ్ళ గుడికి వచ్చే జనం బెల్లం కొంటారు కనుక అంగట్లో బుట్టలు దింపించే హడావిడిలో ఉన్నారు. అప్పుడు వచ్చింది ఎస్తేర్. పెద్దాసుపత్రిలో నర్సు. తమిళుల అమ్మాయే అయినా పుట్టి పెరిగింది ఈ వీధిలోనే, తెలుగు గడగడా మాట్లాడుతుంది. చేతిలో సగం చించిన పప్పు ప్యాకెట్టు, మొహంలో తప్పు చేసినట్టు ఒక నవ్వు.

"తప్పుగా అనుకోవద్దక్కా. మీకాడ లేదంటిరి గదా, ఫోన్లో పెట్టినాను. డ్యూటీకి పొయ్యేలోపల తెచ్చి ఇచ్చేసినాడు."

"దానికేమి, నా దగ్గర లేనప్పుడు ఇంకేం చేస్తావు నువ్వు?"

"అది కాదక్కా. ఇందులో ఏదో వేరు మాదిరి ఉండాది చూడండి. పప్పు కూడా జిడ్డుగా ఉండాది. వండొచ్చా, వద్దా? వాళ్ళకి ఫోను చేస్తే మిషన్ మాట్లాడతాది. ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటాది. నాకు భయమేసి మీకాడికే వచ్చినాను."

కన్యకాంబ ఆ ముక్కను అరచేతిలోకి తీసుకుంది. వసకొమ్ము. పప్పుకు పురుగు పట్టకుండా మూటలో వేసేది. అది చాలామంది వేస్తారు. కాని దీనికి పసుపు రాసి ఆరబెట్టి ఉంది. వసకొమ్ముకు పసుపు ముద్ద రాసి, ఎండలో పెట్టి, చేత్తోనే విరిచి మూట అడుగున ఒకటి, నడుమ ఒకటి, పైన ఒకటి వేసే ఇల్లు ఆ చుట్టుపక్కల ఒక్కటే. పప్పు గుప్పెడు తీసి వాసన చూసింది. ఆముదం. మాసి నెలలో కొని, మేడ మీద ఎండబోసి, తాను కూర్చుని ఆముదం పట్టించిన పప్పు అది. అప్పుడు రెండు చేతులూ భుజాల దాకా నొప్పి పుట్టాయి. కన్నబిడ్డను ఇంకొకరి ఇంట్లో వేరే పేరుతో పిలుస్తుంటే విన్నట్టయింది ఆవిడకు.

"వండుకో తల్లీ. మంచి పప్పే" అంది.

"ఏమక్కా, మొహం అట్లా అయిపోయింది?"

"ఏం లేదు. ఎంతకిచ్చినాడు?"

ఎస్తేర్ చెప్పింది. బల్ల మీద రాసిన ధరకు ఇరవై రూపాయలు పైన. "మీరు బోర్డు పెట్టినాక రేటు దించి, అది ఉన్నన్నాళ్ళూ మీకంటే రెండు రూపాయలు తక్కువకే ఇచ్చినాడక్కా. మీరు లేదన్న సాయంత్రమే పెంచేసినాడు. పైన డెలివరీకి వేరే, కవరుకు వేరే." ఆ పిల్ల మామూలుగానే చెప్పి వెళ్ళిపోయింది. 'మీరు లేదన్న సాయంత్రమే' అన్న మాట మాత్రం అంగట్లో ఉండిపోయింది.

మోహన్‌కుమార్ బెల్లం బుట్టల దగ్గర నిలబడి అంతా విన్నాడు.

"ఊర్లో అందరూ వేస్తారు వసకొమ్ము" అన్నాడు.

"పసుపు రాసి వేస్తారా?"

ఆయన చేతిలోని బెల్లం అచ్చును తుడవక్కర్లేకపోయినా తుడిచాడు. కన్యకాంబ చెప్పులు వేసుకోవడం చూసి అడ్డం వచ్చాడు. "రేపు అమావాస్య పెట్టుకుని యాడికి? పప్పు కోసరం తమ్ముణ్ణి తెంచుకుంటావా? పోనీలే, వదిలెయ్."

"తెంచుకునేదానికి కాదు. అడిగేదానికి పోతా ఉండాను."

వసకొమ్మును కొంగున ముడేసుకుని స్టేషనుకు నడిచింది. తిరుత్తణి బండిలో కూర్చున్నాక కూడా చెయ్యి ఆ ముడి మీదే ఉంది. ఎదుటి సీట్లో ఇద్దరు ఆడపిల్లలు ఫోన్లు పక్కపక్కన పెట్టుకుని నవ్వుకుంటున్నారు. ఒకే సబ్బుకు ఒకామె ఫోన్లో ఒక ధర, ఇంకొకామె ఫోన్లో ఇంకో ధర చూపిస్తోందట. కన్యకాంబ అంగట్లో కలెక్టరాఫీసు గుమాస్తాకూ, గుడి ముందు పూలమ్మేదానికీ ఒకటే ధర. ఇంతకాలం అది గొప్ప విషయమని ఆవిడకు తోచనే లేదు.

నిజం చెప్పాలంటే ఆ ఫోను వ్యాపారం ఊళ్ళోకి వచ్చిన కొత్తలో ఆవిడకు కూడా కోపం రాలేదు. ధరలు తగ్గితే జనానికి మంచిదే కదా అనుకుంది. నూనె తగ్గింది, చక్కెర తగ్గింది. వీధంతా పండగ చేసుకుంది. తరువాత ఎదుటి వరసలో జగన్నాథన్ అంగడి మూతపడింది. ఆ పక్కదీ మూతపడింది. అడ్డుకునేవాళ్ళు ఒక్కొక్కరూ పోయాక తగ్గిన ధరలన్నీ ఎవరికీ చెప్పకుండా మెట్టుమెట్టుగా పైకెక్కాయి. చివరికి మిగిలింది ఆవిడ నల్లబల్ల ఒక్కటే. దాన్ని కూడా ఆవిడ చేతే తుడిపించారు. "సరుకు లేదమ్మా" అని ఎంతమందికి చెప్పింది తాను! పుట్టి బుద్ధెరిగాక తక్కెడ పక్కన ఒక్క అబద్ధం ఆడని నోరు, వీధి వీధికంతటికీ అబద్ధం చెప్పింది. చెబుతున్నట్టు తనకే తెలియదు.

తాళం ఎలా తీశాడు? తీసే మార్గం లేదు. పగలగొట్టి ఉండాలి. నాన్న పెట్టిన తాళం మీద సుత్తి ఎత్తడానికి వాడికి చేతులెలా వచ్చాయి? అరక్కోణం దాటేదాకా ఆవిడ ఏడుపు ఆపుకున్నది ఆ సుత్తిని తలుచుకునే.

తిరుత్తణిలో దిగేసరికి ఎండ చుర్రుమంటోంది. కృత్తిక దగ్గర పడింది కనుక కొండదారి నిండా కావడి బద్దలూ, పూలూ అమ్మేవాళ్ళు. చిన్నప్పుడు మొక్కు తీర్చడానికి ఈ మెట్లన్నీ మురళిని చంకనేసుకుని ఎక్కింది ఆవిడే. అమ్మకు ఒంట్లో బాగాలేదు. గుండు కొట్టిస్తుంటే వాడు అక్క మెడ పట్టుకుని వదల్లేదు.

మురళీధర్ ఇంట్లో ఒక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు. భార్య గుడికి వెళ్ళింది. అక్కను చూసి ఉలిక్కిపడ్డాడు, వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు.

"రాక్కా! చెప్పకుండానే వచ్చినావే. కూర్చో, బువ్వ తిందువు."

"నువ్వు తిను."

అన్నం ముందర కూర్చున్నవాణ్ణి నిలదీయకూడదు. కన్యకాంబ గుమ్మం పక్కన నిలబడింది. వాడికి ముద్ద దిగడం లేదని తెలుస్తూనే ఉంది. అయినా పళ్ళెం ఖాళీ అయ్యేదాకా, చెయ్యి కడుక్కుని వచ్చేదాకా ఆగింది. అప్పుడు కొంగుముడి విప్పి, వసకొమ్మును తీసి వాడి అరచేతిలో పెట్టింది.

మురళీధర్ దాన్ని చూశాడు. ఏమిటిది అని అడగలేదు. అడిగి ఉంటే ఇంకో నాలుగు నిమిషాలైనా ఆవిడ తమ్ముణ్ణి నమ్మి ఉండేది.

"యాడ దొరికిందని అడగవా?"

"అక్కా..."

"వాన పడిందంటివి. మూటలన్నీ బూజు పట్టినాయంటివి. నేను చూడకూడదంటివి. నాన్న మాటను నాకే అడ్డం పెడితివి గదరా! నేను చూడనని తెలుసు నీకు. తెలిసే చెప్పినావు."

"కూర్చోక్కా, నీళ్ళు తాగు."

"నీ నీళ్ళు నాకొద్దు. అమ్మినావా, లేదా?"

"అమ్మినాను." అన్నాక వాడికి కొంచెం ధైర్యం వచ్చినట్టుంది. గోడకు చేరగిలబడి, ఎన్నాళ్ళనుంచో లోపల చెప్పుకుంటున్నదంతా బయటపెట్టాడు. "అమ్మక ఏం చేయమంటావు? పాత సరుకు, పాత రేటు అంటా కూర్చుంటే నీకు పేరొస్తాది. నాకేమొస్తాది? నేనీడ మూటలకు కావలి కుక్కనా? ఆ ఫోన్లో అమ్మేవాళ్ళొచ్చి నీ రేటుకు మీద వేసి ఇస్తామన్నారు. గోడౌనుకు బాడుగ కూడా ఇస్తామన్నారు. ఊర్లో పనిలేని పిల్లోళ్ళందరికీ బండి మీద పని దొరికింది. అది మంచిది కాదా?"

"వాళ్ళకి పప్పు కావాలంటే మద్రాసు మార్కెట్లో దొరకదా? నా మూటలే ఎందుకు కావాల్సి వచ్చినాయి?"

మురళీధర్ తల దించుకున్నాడు.

"చెప్పు."

"వాళ్ళకు కావాల్సింది పప్పు కాదక్కా. నీ బోర్డు. ఆ బోర్డు ఉన్నన్నాళ్ళూ తిరువళ్ళూరులో వాళ్ళు రేటు పెంచలేకపోయినారు. దినమూ ఒకడొచ్చి ఫోటో తీసుకుని పొయ్యేవాడు. నీ సరుకు అయిపోతే బోర్డు పోతాది. బోర్డు పోతే ఊరంతా వాళ్ళు చెప్పిందే రేటు. నీ మూటల్లో పప్పునే కవర్లో పోసి నీ వీధికే అమ్మినారు."

కన్యకాంబ అప్పుడు కూర్చుంది. సుద్దతో రాసిన ఒక్క వాక్యం ఊరి ధరను పట్టి ఆపిందని ఆవిడకు ఇప్పుడు తెలిసింది. తెలిసేనాటికి తన గుడ్డతోనే తుడిచేసింది. ఎస్తేర్ ఇచ్చిన ఆ ఇరవై రూపాయలూ, వీధిలో ప్రతి ఇల్లూ ఇస్తున్న ఇరవై రూపాయలూ తన చేతుల మీదుగా పోయినట్టే లెక్క. పైగా కన్యకాంబక్క సరుకు దాచుకుని లేదంటోందని ఎవరైనా అనుకుంటే, వాళ్ళను తప్పుపట్టడానికి కూడా లేదు. సరుకు ఉండనే ఉంది.

"నన్ను అడిగి ఉంటే గోడౌను నీకే రాసిచ్చి ఉందును గదరా. బాడుగ కావాలంటే చెప్పకూడదా? ఇట్లా నా చేత అబద్ధం చెప్పించి, నా కస్టమర్ల ముందర నన్ను దొంగను చేయాల్నా?" ఆవిడ ఏడ్చింది. దాచుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. "చంకలో మోసినాను నిన్ను. మోసినందుకు మర్యాద అడగతా లేను. నిజం అడగతా ఉండాను."

"నీకోసరం కొన్ని మూటలు పక్కన పెట్టినాక్కా. ఒట్టు. అన్నీ ఇయ్యలేదు. వచ్చి చూడు, లోపలే ఉండాయి."

"పద, చూపించు. నాన్న బీగాన్ని ఏం గతి పట్టించినావో అది కూడా చూస్తాను."

తాళం మాట ఎత్తేసరికి వాడు గబగబా చెప్పులు వేసుకుని ముందు నడిచాడు.

గోడౌను వెనక వీధిలోనే. నీ తాళంచెవి తెచ్చావా అని తమ్ముడు తనను అడగలేదన్న సంగతి కన్యకాంబకు తలుపు ముందుకు వచ్చి నిలబడ్డాకే తట్టింది. పైకప్పు చూసింది. ఒక్క రేకు కూడా కదల్లేదు. గోడ మీద చెమ్మ మరక లేదు. తలుపు చూసింది. పైన ఒక తాళం, కింద ఒక తాళం. రెండూ నిక్షేపంగా ఉన్నాయి. దెబ్బ పడిన గుర్తు లేదు, గీత కూడా లేదు. కింది తాళానికి ఎవరో ఈమధ్యే నూనె వేశారు.

మురళీధర్ పై తాళం తీశాడు. అది వాడిది. తరువాత చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఊ. రెండోది?" అంది కన్యకాంబ.

"అక్కా, నన్ను తిట్టు, కొట్టు. ఇంక దీని గురించి మాత్రం అడగొద్దు."

"తియ్యరా!"

వాడు చొక్కా జేబులోంచి రెండో తాళంచెవి తీశాడు. కన్యకాంబ దాన్ని లాక్కుని ఎండలో పట్టి చూసింది. మారు తాళంచెవి అనుకుంది. కాదు. ఏళ్ళ తరబడి పెట్టిన పసుపూ కుంకుమా పేరుకుపోయి, ఇనుము కనపడనంత మందంగా గడ్డకట్టి ఉంది. గోటితో గీరితే పొరలు పొరలుగా లేచింది. అడుగున, పిడి దగ్గర, కుప్పయ్య చుట్టిన రాగితీగ. కూతురి చేతికిస్తూ ఇంట్లో మిగతా తాళంచెవుల్లో కలిసిపోకుండా ఆయన తన చేత్తోనే చుట్టాడు.

ఇది ఆవిడ తాళంచెవే.

మరి ఈవేళ పొద్దున తాను బొట్టు పెట్టింది దేనికి? నిన్న దేనికి? కుంకుమ ఎందుకు నిలవలేదో ఆవిడకు అప్పుడు అర్థమైంది. నిన్నగాక మొన్న కొన్న నున్నటి ఇనుము మీద కుంకుమ నిలవదు. కళ్ళు మూసుకుని దండం పెట్టుకునే మనిషి పటం పక్కన ఏం వేలాడుతోందో చూడదని ఎవరికో బాగా తెలుసు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆవిడ మనసు అక్కడిదాకా వెళ్ళి, వద్దు వద్దని వెనక్కి పరిగెత్తింది. మురళి వచ్చినప్పుడు తానేదో పనిలో ఉండి ఉంటుంది. వాడే గూట్లోంచి మార్చేసి ఉంటాడు. అదే అయి ఉండాలి.

"నువ్వే దొంగతనంగా తీసుకున్నావు గదా? చెప్పురా, నువ్వే గదా?" ఆవిడ అడగడం కాదు, బతిమాలుతోంది.

మురళీధర్ తీసిన పై తాళాన్ని చేతిలో తిప్పుతున్నాడు.

అంతలో ఆవిడ ఫోను మోగింది. మోహన్‌కుమార్. పెళ్ళైన నాటి నుంచీ ఊరు దాటిన ప్రతిసారీ చేసినట్టే చేశాడు.

"చేరినావా? ఏమైనా తింటివా? ఎండలో తిరగొద్దు." వెనక అంగట్లో ఎవరో బెల్లం అడుగుతున్నారు. తక్కెడ గొలుసు చప్పుడు వినిపిస్తోంది.

"తింటాను" అంది కన్యకాంబ. రాగితీగ మీద బొటనవేలు ఆనించి పట్టుకుంది. "ఒక్క మాట చెప్పండి. మన దేవుడి గూట్లో వేలాడతా ఉండేది, అది ఏ బీగానికి చెవి?"

తక్కెడ గొలుసు చప్పుడు ఆగిపోయింది. బెల్లం అడుగుతున్న మనిషి మళ్ళీ అడిగింది, ఎవరూ పలకలేదు. ఏ బీగం, ఏ చెవి అని ఆయన అంటాడేమోనని కన్యకాంబ చూసింది. ఆ ఒక్క మాట అంటే చాలు, నమ్మడానికి ఆవిడ సిద్ధంగా ఉంది.

ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"మురళి చెప్పేసినాడా?"